భారత్‌కు ఆడకున్నా.. ప్రపంచకప్ ఫైనల్‌కు రెఫరీ

ముత్తంగి (పటాన్‌చెరు): ఆదివారం ఉదయం ముత్తంగి, ఇస్నాపూర్, పటాన్‌చెరు పరిసరాల్లో ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, అక్కడ క్రికెట్ సాగుతూ ఉంటుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికులు సైతం నిద్ర మానుకొని బ్యాటు పడతారు. ఈ ఆటల్లో అంపైరుగా నిలబడేది సాధారణంగా బ్యాటింగ్ జట్టులో ఇంకా వంతు రానివారే. రనౌట్ ఇస్తే సొంత జట్టు, ఇవ్వకుంటే ఎదుటి జట్టు మాట అనక మానదు. గొడవ ముదిరితే ఇరువురికీ సర్దిచెప్పే పెద్దమనిషి ఉండడు.

అంతర్జాతీయ క్రికెట్‌లో ఆ పెద్దమనిషి ఉన్నాడు. అతనే మ్యాచ్ రెఫరీ. అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) రెఫరీల ప్యానెల్‌లో స్థానం పొందిన తొలి మహిళ మన తెలుగు ఆడపడుచే కావడం విశేషం. ఆమె పేరు గండికోట సర్వ లక్ష్మి. క్రీడాలోకానికి జి.ఎస్.లక్ష్మిగా పరిచితులు.

రైల్వే కొలువే ఆధారం

లక్ష్మి 1968 మే 23న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి టాటా మోటార్స్‌లో ఉద్యోగి కావడంతో బాల్యమంతా జంషెడ్‌పూర్‌లో గడిచింది. చదువులో మార్కులు అంతంతమాత్రమే అయినా, క్రికెట్ ప్రతిభ 1986లో కళాశాల సీటు తెచ్చిపెట్టింది. కుడిచేతి పేస్ బౌలర్. బంతిని బయటకు స్వింగ్ చేయడం ఆమె ప్రత్యేకత. దక్షిణ మధ్య రైల్వేలో కొలువు దొరకడంతో ఇటు తరలివచ్చారు.

ఆ కొలువు విలువ నేటి తరానికి అంత సులభంగా అర్థం కాదు. మహిళల క్రికెట్ భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) గొడుగు కిందికి వచ్చింది 2006లో మాత్రమే. అంతకు ముందు ఆడిన మహిళలకు ఆటే జీవనోపాధి కాగలదన్న మాట లేదు. రైల్వే ఉద్యోగమే వారిని మైదానంలో నిలబెట్టింది. లక్ష్మి ఆంధ్ర, బిహార్, రైల్వేస్ జట్లకు ఆడారు. 1999లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన భారత జట్టులో ఆమె పేరు ఉంది. అయితే తుది జట్టులో ఒక్కసారీ అవకాశం రాలేదు. 2004లో ఆటకు వీడ్కోలు పలికారు.

చాలామంది కథ అక్కడితో ముగుస్తుంది. లక్ష్మి మాత్రం 2008-09 సీజన్ నుంచి దేశవాళీ మహిళల పోటీలకు రెఫరీగా వ్యవహరించడం ప్రారంభించారు.

అంపైరు వేరు, రెఫరీ వేరు

ఈ రెండింటినీ ఒకటిగా భావించేవారు మన వద్ద ఎక్కువ. బ్యాటరు అవుటా, కాదా అన్నది అంపైరు తేల్చాలి. ఆ తీర్పును మార్చే అధికారం రెఫరీకి లేదు. ఆటగాళ్ల నడవడిక, ఓవర్ల వేగం, టాస్, పిచ్ నాణ్యతపై నివేదిక, అంపైర్ల పనితీరు అంచనా రెఫరీ బాధ్యతలు. మైదానంలోకి దిగేది టాస్ సమయానికే. ఆ తరువాత గదిలో కూర్చుని ప్రతి బంతినీ గమనించాలి.

ఈ ఏర్పాటు పుట్టుకకు కారణం అపనమ్మకమే. ఒకప్పుడు ఆతిథ్య దేశపు అంపైర్లే తీర్పులు చెప్పేవారు. ఓడినవారు పక్షపాతమనేవారు. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్థాన్, వెస్టిండీస్ టెస్టుకు ఇద్దరు భారతీయులను తటస్థ అంపైర్లుగా పిలిచారు. వారిలో ఒకరు హైదరాబాద్‌కు చెందిన వి.కె.రామస్వామి, మరొకరు పి.డి.రిపోర్టర్. అనంతరం 1991లో ఆస్ట్రేలియాలో భారత జట్టు ఆడిన సిరీస్‌తో మ్యాచ్ రెఫరీ పదవి అమల్లోకి వచ్చింది.

రెఫరీ చేతిలోని అధికారం ఎంతటిదో 2023 జులైలో ఢాకాలో తేలింది. అవుట్ ఇవ్వడంపై ఆగ్రహించిన భారత సారథి హర్మన్‌ప్రీత్ కౌర్ వికెట్లను బ్యాటుతో కొట్టారు. బహుమతి ప్రదానోత్సవంలో అంపైర్లను బాహాటంగా విమర్శించారు. మొదటి తప్పుకు మ్యాచ్ ఫీజులో 50 శాతం కోత, 3 డీమెరిట్ పాయింట్లు; రెండో తప్పుకు 25 శాతం కోత, 1 పాయింటు పడ్డాయి. 24 నెలల్లో 4 పాయింట్లు చేరితే నిషేధమే. ఆమె రెండు మ్యాచ్‌లకు దూరమయ్యారు. అభియోగం మోపేది అంపైర్లు, శిక్ష ప్రతిపాదించేది రెఫరీ. ఆటగాడు అంగీకరించకుంటే విచారణ జరుగుతుంది. గొడవపడిన వ్యక్తే శిక్ష విధించకుండా చూడటమే ఇందులోని కిటుకు. మన ఆదివారం ఆటల్లో లేనిది ఇదే.

షార్జాలో చరిత్ర

2019 మేలో ఐసీసీ ప్యానెల్‌లో చేరిన లక్ష్మి, అదే ఏడాది డిసెంబరు 8న షార్జాలో యూఏఈ, అమెరికా పోరుకు రెఫరీగా నిలిచారు. పురుషుల వన్డేకు మహిళ రెఫరీగా ఉండటం అదే మొదటిసారి. 2022 ఏప్రిల్ 3న క్రైస్ట్‌చర్చ్‌లో మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్, 2023 ఫిబ్రవరి 26న కేప్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆమె పర్యవేక్షణలోనే జరిగాయి.

తమిళనాడుకు చెందిన వెంకట్రాఘవన్ 57 టెస్టులు ఆడి, 73 టెస్టులకు అంపైరుగా నిలిచారు. కర్ణాటక పేసర్ జవగళ్ శ్రీనాథ్ 2006 నుంచి రెఫరీ. వారికి అంతర్జాతీయ అనుభవం పెట్టుబడిగా ఉంది. లక్ష్మికి ఉన్నది దేశవాళీ అనుభవమే.

2025లో మహిళల వన్డే ప్రపంచకప్‌కు తొలిసారిగా అంపైర్లు, రెఫరీలు అందరూ మహిళలే. నలుగురు రెఫరీలలో లక్ష్మి ఒకరు. ఆ పోటీలకు వేదికలైన నగరాల్లో విశాఖపట్నం కూడా ఉంది.