ఊక గ్యాసుకు బూడిద రిపోర్టు ఒక్కటే చాలదు

తెనాలి: ధాన్యం ఆడిస్తే బరువులో సుమారు 5వ వంతు ఊక. తెనాలి, బాపట్ల, రేపల్లె మిల్లుల ఊక బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోవడం వర్తకులకు కొత్త కాదు. అదే ఊకను చాలీచాలని గాలితో మండించి గ్యాసు తీసి, దానితో ఇంజను నడిపే గ్యాసిఫయర్లకు అమ్మేటప్పుడు మాత్రం, అందులోని లోహాలు ఎటు పోతున్నాయో కూడా చూడాలి.

ఊక పూర్తిగా కాలితే మిగిలే బూడిద మళ్లీ 5వ వంతు. అందులో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా. కరిగిన ఉక్కు వేడి పోకుండా పైన చల్లడానికి ఉక్కు కర్మాగారాలు దీన్ని కొంటాయి. మిగతా పాళ్లలో పొటాషియం ముఖ్యం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అత్యల్పం. ఫాస్ఫేట్ ఎరువులతోనూ కాడ్మియం పొలంలోకి వస్తుంది.

సిలికా బూడిదలోనే ఉండిపోతుంది. కాడ్మియం అలా కాదు. వేడికి ఆవిరై గ్యాసుతో లేచి, చల్లబడిన చోట సన్నని ధూళికి అంటుకుంటుంది. ఊకలో క్లోరిన్ ఉంటే ఈ ఆవిరి మరింత సులువు. తీరం వెంబడి ఉప్పు నేలల్లో పండిన సరుకును విడిగా పరీక్షించడం అందుకే మంచిది.

జమాఖర్చు తెలిసిన వారికి ఇది కష్టమైన లెక్కేమీ కాదు. మాటవరసకు, కిలోకు 0.2 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్న టన్ను ఊక వేశామనుకుందాం. జమ 200 మిల్లీగ్రాములు. కాలని బొగ్గుతో కలిపి 250 కిలోల బూడిద వచ్చింది. పరీక్షలో దానికీ కిలోకు 0.2 తేలింది. ఊకకూ బూడిదకూ ఒకే అంకె కదా అని మురిసిపోతే పొరపాటే. బూడిదలో ఉన్నది 50 మాత్రమే. తక్కిన 150 వడపోత ధూళిలోనో, గ్యాసు కడిగిన నీటిలోనో, పొగ గొట్టంలోనో ఉండాలి.

కనుక మచ్చు నాలుగు చోట్ల తీయాలి: ఊక, బూడిద, ధూళి, కడిగిన నీరు. గొట్టం దగ్గర కొలవాలంటే గ్యాసును వడపోత కాగితం గుండా, ఆపైన యాసిడ్ సీసాల గుండా లాగి లేబొరేటరీకి పంపుతారు. ఖర్చు ఎక్కువే.

ఊక అమ్మే వారికి ఇదంతా దేనికంటే, బేరం చీటీలో ధూళి, మురుగు నీరు ఎవరి బాధ్యతో రాయకపోతే తగాదా తర్వాత వస్తుంది. బూడిద కొనేవారు రిపోర్టుపై తేదీ కూడా చూసుకోవాలి. సార్వా ఊకకు తీసిన రిపోర్టును దాళ్వా సరుకుకు చూపితే ఒప్పుకోనక్కరలేదు.