తాబేలు తప్పించుకుంటేనే కడలి రొయ్యకు గిరాకీ

కాకినాడ రేవులో బేరమాడే రొయ్యల వర్తకునికి కౌంటు తెలుసు, ఐసు ధర తెలుసు, డాలరు మారకం తెలుసు. తాబేలు లెక్క కూడా తెలిసి ఉండవలసిన రోజులు వచ్చాయి. 2019లో అమెరికా మన దేశంలో సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. సరుకు నాణ్యతలో లోపం చూపి కాదు. ట్రాలర్ల వలల్లో పడి సముద్రపు తాబేళ్ళు చనిపోతున్నాయన్నది అభ్యంతరం. చెరువు రొయ్యకు ఈ నిషేధం వర్తించదు. కనుక వనామీ సరుకు యథాప్రకారం సాగింది, దెబ్బ రేవు సరుకుకు తగిలింది. పెద్ద కొనుగోలుదారు ఒకడు బజారులో తప్పుకుంటే మిగిలినవారు చెప్పిన ధరకే ఒప్పుకోవలసి వస్తుందన్నది వర్తకులకు చెప్పనక్కరలేదు.

పాత తగాదా

ఈ ఆంక్షకు మూలమైన అమెరికా చట్టం 1989 నాటిది. దీనిపై భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. తాబేళ్ళ రక్షణ అన్న ఆశయం సక్రమమైనదేననీ, అయితే చట్టం అమలులో దేశాల మధ్య వివక్ష చూపడం తప్పనీ 1998 అక్టోబరులో అప్పీళ్ళ మండలి తీర్పు ఇచ్చింది. అమెరికా అమలు పద్ధతిని మాత్రం సవరించుకున్నది. మలేషియా మళ్ళీ పోట్లాడినా 2001లో ఫలితం దక్కలేదు. వాదించి గెలిచే దారి దాదాపు మూసుకుపోగా, వలకు పరికరం అమర్చే దారి మిగిలింది.

అసలు కోరంగిలో, వడ్డీ రేవులో

కాకినాడకు దక్షిణాన గోదావరి ముఖద్వారం వద్ద 1978లో ప్రకటించిన కోరంగి అభయారణ్యం ఉన్నది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురు పిల్లులకు పేరుపడిన ఈ మడ అడవిని వర్తకులు తమకు పట్టని అటవీశాఖ వ్యవహారంగా చూడడం పరిపాటి. కాని టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడితే, పిల్లలు ఆటుపోటులతో మడ కాలువల్లోకి చేరి, అక్కడి బురదలో, వేళ్ళ చాటున పెరిగి, ఎదిగాక తిరిగి సముద్రానికి పోతాయి. అప్పుడే అవి వలకు చిక్కుతాయి. మండపీతకూ ఆ మడే ఆధారం. అడవి అసలు అయితే, రేవులో కాటాకెక్కే సరుకు దానిపై వచ్చే వడ్డీ.

ఈ అడవిని ఆనుకొని ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకతిన్నెల మీదకే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఏటా జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రొయ్య ఉన్న నీటిలోనే తాబేలూ ఉంటుంది, ట్రాలరూ తిరుగుతుంది. గాలి పీల్చుకోవడానికి తాబేలు పైకి తేలాలి. గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే అది నీటిలోనే ఊపిరాడక చస్తుంది.

కలిసి పనిచేసిన అనుభవం

కలిసి పనిచేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చెడిన మడ భూముల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోటు నీరు పారించి, అడవిని తిరిగి పెంచే పనిని 1997 తరువాత ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ గ్రామస్థులతో కలిసి చేపట్టాయి. 2011లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో మొదలైన గోదావరి ముఖద్వార పథకం చేపల వేట, చెరువుల సాగు, రేవులు, చమురు, గ్యాసు పరిశ్రమలను ఒకే బల్ల వద్దకు తీసుకురావాలని ఉద్దేశించింది.

చట్టంలోనూ చోటు లేకపోలేదు. తీరజలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడాలని 1972 నాటి వన్యప్రాణి చట్టం నిర్దేశిస్తున్నది. అభయారణ్యాలకు సలహా సంఘాలు ఉండాలని 2002 సవరణ చెప్పింది. ఆ సంఘంలో శాసనసభ్యుడికి, పంచాయతీ ప్రతినిధులకు, స్వచ్ఛంద సంస్థలకు స్థానాలున్నాయి. బోటు యజమానికి గాని, ఎగుమతిదారుకు గాని ప్రత్యేకించి స్థానం కేటాయించలేదు. అడవి వడ్డీ తినేవారే సంఘంలో లేకపోవడం గమనార్హం.

ఖర్చు ఎవరి ఖాతాలో?

పరికరం సాదాదే. వల సంచికి ముందు ఇనుప చువ్వల చట్రం వాలుగా అమర్చుతారు. రొయ్య చువ్వల మధ్యనుంచి సంచిలోకి పోతుంది. తాబేలు చట్రానికి తగిలి, వదులుగా ఉన్న మూత తోసుకొని బయటపడుతుంది. అమెరికా నియమం ప్రకారం చువ్వల మధ్య ఎడం 4 అంగుళాలు మించరాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన పరికరాన్ని రూపొందించింది. కొనుగోలు ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 పాళ్ళలో భరించే ఏర్పాటు ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో ఉన్నది.

చిక్కు పరికరం ధరలో లేదు, తాబేలుతోపాటు ఆ దారినే జారిపోయే పెద్ద చేపలో ఉన్నది. ఆ నష్టం బోటు యజమానిది, పాలు పంచుకునే కళాసీలది. అమెరికా తలుపు తెరిస్తే హెచ్చు ధర మొదట చేరేది ఎగుమతిదారు ఖాతాకు. పైగా గుర్తింపు దేశం మొత్తానికి గాని బోటు బోటుకూ ఇచ్చేది కాదు. తడిసిన ఒక్క బస్తా లాటు మొత్తానికి ధర తగ్గించినట్లే, పరికరం విప్పి దాచిన బోట్లు నిజాయితీగా వాడేవారి శ్రమనూ వ్యర్థం చేస్తాయి.

వేట విరామంతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషిద్ధం. ఈ కాలానికి రాష్ట్రంలో ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలకు, 2025లో 20 వేలకు పెరిగింది. నష్టానికి ఎంతోకొంత పరిహారం ఉన్నది, నియమం అందరికీ ఒకటే. తాబేలు విషయంలో అలాంటి పరిహారం లేదు.

కనుక చొరవ వర్తకుల నుంచే రావలసి ఉన్నది. పరికరంతో పట్టిన సరుకును రేవులోనే విడి లాటుగా కాటా వేయించి, కిలోకు కొంత హెచ్చు ధర కట్టి, ఆ సొమ్ము కళాసీ పాలు వరకు చేరేట్లు ఎగుమతిదారులు, కమీషన్ వ్యాపారులు, బోటు యజమానుల సంఘాలు ఒప్పందానికి రావచ్చు. తనిఖీకి అటవీ, మత్స్య శాఖలను పిలవవచ్చు. ఇది దానధర్మం పద్దు కాదు. ఓడకెక్కే సరుకుకు బీమా ప్రీమియం కట్టే వర్తకుడు, ఆ సరుకును కొనేవాడు నిలిచి ఉండడానికి కట్టే ప్రీమియం ఇది.