ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి నమ్మకమే మూలధనం

న్యూఢిల్లీ: ముఖమెరుగని వర్తకుడికి సొమ్ము చెల్లించాలంటే ఎవరైనా వెనుకాడుతారు. ఇంటర్నెట్ వ్యాపారంలో ఈ శంకను తీర్చవలసిన ప్రభుత్వ యంత్రాంగానికి దేశ రాజధానే కేంద్రస్థానం. అందులో ఒక్కచోట లోపం తలెత్తినా పర్యవసానం ఎంత దూరం పోతుందో 2014 జులైలో వెల్లడయింది.

దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవలను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ఎలక్ట్రానిక్ లావాదేవీలకు ప్రత్యేక చట్టం మాత్రం 2000 అక్టోబరు 17న గాని అమలులోకి రాలేదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1996లో రూపొందిన నమూనా చట్టమే దీనికి ఆధారం. కాగితంపై చేసే సంతకానికున్న విలువను ఈ సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి కల్పించింది. ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సులిచ్చి పర్యవేక్షించేందుకు ఢిల్లీలో కంట్రోలర్ కార్యాలయం ఏర్పాటయింది. రిజర్వు బ్యాంకు హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ కూడా 2002లో ఈ లైసెన్సు పొందడం గమనార్హం.

ఈ విధానంలో ప్రతి సంస్థకూ రెండు తాళంచెవులుంటాయి. ఒకటి బహిరంగం, మరొకటి రహస్యం. మొదటిదానితో వేసిన తాళం రెండవదానితోనే తెరుచుకుంటుంది. అయితే ఆ బహిరంగ తాళంచెవి నిజంగా ఫలానా బ్యాంకుదేనని ఎవరో ఒకరు హామీ ఇవ్వాలి. ధ్రువీకరణ సంస్థ జారీ చేసే సర్టిఫికెట్టే ఆ హామీ.

సరిగ్గా ఇక్కడే దెబ్బ తగిలింది. తాము కోరని సర్టిఫికెట్లు తమ పేరిట జారీ అయినట్లు 2014 జులై 2న గూగుల్ సంస్థ గుర్తించింది. వాటిని జారీ చేసింది ప్రభుత్వ రంగంలోని నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్. అటువంటి సర్టిఫికెట్ చేతికి చిక్కినవాడు అసలు సంస్థగా నటించి వినియోగదారుల సమాచారాన్ని కాజేయగలడు. మరునాడే కంట్రోలర్ కార్యాలయం ఆ కేంద్రం అధికార పత్రాలను రద్దు చేసింది. జారీ ప్రక్రియే భద్రత కోల్పోయిందని, నాలుగు సర్టిఫికెట్లు అక్రమంగా వెలువడ్డాయని విచారణలో తేలినట్లు తెలిపింది. అంతకుమించి ఉన్నాయని గూగుల్ పేర్కొంది. అనంతరం తన క్రోమ్ బ్రౌజర్‌లో భారత సర్టిఫికెట్ల చెలామణిని ప్రభుత్వ చిరునామాలు తదితర కొన్నింటికే పరిమితం చేసింది.

ఈ ఉదంతంలో గణితశాస్త్రం ఓడిపోలేదు. కార్యాలయ కట్టుబాటు సడలింది. కాబట్టి ఇటువంటి వ్యవస్థలకు సలహాలిచ్చే ఇంజనీర్ల బాధ్యత కేవలం యంత్రాలను అమర్చడంతో తీరదు. రహస్య తాళంచెవిని నెట్‌వర్క్‌తో సంబంధం లేని పరికరంలో భద్రపరచడం, ఏ ఒక్కరి చేతనో కాక ఇద్దరు అధికారుల సమ్మతితోనే దానిని వినియోగించడం, ప్రతి జారీనీ నమోదు చేసి తనిఖీ జరపడం అంతకన్నా ముఖ్యం. జారీ అయిన సర్టిఫికెట్లను ఎవరైనా పరిశీలించగల బహిరంగ పట్టీలో చేర్చాలన్న నిబంధనను 2018 నుంచి క్రోమ్ అమలు చేస్తున్నది.

తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవిని కాపాడేవారిపై నిఘా లేకపోతే ఇంటికి భద్రత లేదు. కోట్లాది ప్రజలు చేతి ఫోన్లతోనే చెల్లింపులు జరుపుతున్న దేశంలో ఈ పాఠాన్ని విస్మరించడం ఎంతమాత్రం క్షేమం కాదు.