ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన చీటీ: ఏది అవసరం, ఏది అదనం?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సోదరులు అడిగినప్పుడు కవిత రాద్దామా, కథ రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాము. చివరికి 2025 మే నెలలో మా ఇంట్లో జరిగిన ఒక విషయమే రాయాలనిపించింది. మనలో చాలామంది ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి మనమే. రేషన్ కార్డు కాగితమైనా, బ్యాంకు కాగితమైనా, చివరికి కరెంటు పని చీటీ అయినా "సదువుకున్నవ్ గదా బిడ్డా, జర సూడు" అని మన చేతిలోనే పెడతారు. మేము చదివింది ఎం.ఎస్సీ. ఫిజిక్సు. అయినా ఆ చీటీ చేతికి వచ్చినప్పుడు మాకూ ఏమీ తోచలేదు.

మాది నాగర్‌కర్నూల్ మండలంలోని ఒక పల్లె. 2008లో ఇందిరమ్మ పథకం కింద కట్టుకున్న రెండు గదుల ఇల్లు. ముందర వరండా, వెనుక రేకుల బాత్రూము ఆ తరువాత వేసుకున్నవి. ఎండలు ముదిరినాక అమ్మ ఒక మాట చెప్పింది: "కూలర్ల నీళ్ళు పోస్తుంటే చేతికి చీమలు పాకినట్టయితుంది." నాయిన దానికి కనిపెట్టిన ఉపాయం కూలరు ముందు ఒక చెక్క పలక వేయడం. పలక మీద నిలబడి నీళ్ళు పోస్తే ఏమీ కాదు. రెండు ఎండాకాలాలు అలాగే గడిచాయట. కూలరులో నీళ్ళు పోస్తూ షాకు కొట్టి చనిపోయిన వార్తలు ప్రతి వేసవిలో పేపర్లో చదువుతూనే ఉంటాము, కానీ అది మన ఇంటి కూలరు అని అనుకోము.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. ఆయన ఇల్లంతా ఒకసారి చూసి, సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క రాసిచ్చాడు. ఇల్లంతా కొత్త వైరింగ్ 22,000. కొత్త రకం స్విచ్ బోర్డులు 6,000. ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. ఉన్న డబ్బా 4,500. ఎర్తింగ్ గుంత 3,500. కరెంటు ఆదా చేసే పెట్టె 2,500. మొత్తం 38,500 రూపాయలు. నాయిన ఆ అట్టను తిప్పి తిప్పి చూసి, "బోర్డులు మార్పిద్దాం, మంచిగ కనపడ్తయి. ఆ గుంత ఎందుకు, మట్టిల పైసలు పోసినట్టు" అన్నాడు. మేము కూడా మనసులో మొత్తం మోసమే అనుకున్నాము. ఆ రోజు ఆయనకు ముఖం మీదే "అన్నా, ఇంత అవసరం లేదు" అని చెప్పి పంపించేశాము. తరువాత సిగ్గుపడ్డాము, ఆ సంగతి కింద చెబుతాము.

మర్నాడు చీటీని మళ్ళీ తీసి, ఒక్కొక్క వరుసకు ఎదురుగా ఒకే ప్రశ్న రాసుకున్నాము: ఇది ఏ జబ్బుకు మందు? ఆ జబ్బు మన ఇంట్లో ఉందని ఎలా తెలుస్తుంది? ఇవి రెండు ప్రశ్నలైనట్టున్నాయి గానీ మాకు ఒకటిగానే తోచాయి.

మొదట 22,000 వరుస. "వైరు లోడు తట్టుకోదు తమ్మీ, పాతదయింది" అని ఆయన చెప్పిన కారణం. లోడు అనేది నమ్మకం కాదు, లెక్క. ఇంట్లో ఉన్నవన్నీ రాసుకున్నాము. ఫ్యాన్లు రెండు 150 వాట్లు, ఎల్.ఇ.డి. బల్బులు అయిదు 45, టీవీ 80, కూలరు 200, ఫ్రిజ్ 150, మిక్సీ 500. అన్నీ ఒకేసారి నడిచినా 1,125 వాట్లు. దానిని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 5 ఆంపియర్లు. గోడల్లో ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. అది 10 ఆంపియర్లు సులభంగా మోస్తుంది. కాబట్టి లోడు మాట ఆ గదులకు వర్తించదు. కానీ చలికాలంలో నీళ్ళు కాచుకునే హీటరు రాడ్డు ఉంది. అది 1,500 వాట్లు, అంటే ఆరున్నర ఆంపియర్లు. దానిని మా అమ్మ 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెడుతుంది. ఆ సాకెట్ చూస్తే రంధ్రాల చుట్టూ గోధుమ రంగుకు మాడి ఉంది. అంటే కొత్త వైరు ఇల్లంతటికీ కాదు, ఆ ఒక్క చోటికి కావాలి. 16 ఆంపియర్ల సాకెట్, దానికి మెయిన్ నుంచి వేరే లావు లైను.

(హాస్టల్ తమ్ముళ్ళకు ఒక మాట. ఒకే జంక్షన్ బాక్సుకు పదకొండు సెల్‌ఫోన్ చార్జర్లు పెడితే అందరూ భయపడతారు. ఒక్కొక్కటి 20 వాట్లనుకున్నా అన్నీ కలిపి ఒక ఆంపియర్ కూడా కాదు. అదే బాక్సుకు ఎవరో ఒకరు ఇస్త్రీ పెట్టె పెడతారు చూడండి, అది ఒక్కటే నాలుగు ఆంపియర్ల పైన లాగుతుంది.)

ఇక "పాతదయింది" అన్న మాట. వైరు వయసు ఏళ్ళతో తేలదు, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఇంకా గట్టిగా ఉందా లేదా అన్నదానితో తేలుతుంది. దానికి మెగ్గర్ అనే పరికరం ఉంది. మెయిన్ ఆపి, ఇంట్లో సామాన్ల పిన్నులన్నీ పీకేసి, 500 వోల్టులతో వైర్ల నిరోధాన్ని కొలుస్తారు. ఇంటి వైరింగ్‌కు కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. మా చిన్నమామకు తెలిసిన, వైర్‌మెన్ పర్మిట్ ఉన్న ఒక పెద్దాయన మెగ్గర్ పట్టుకొని వచ్చాడు. రెండు గదుల్లోనూ 20 మెగా ఓమ్‌లు దాటి చూపించింది. వెనుక బాత్రూము లైను 3 చూపించింది. మూడు ఒకటి కన్నా ఎక్కువే కదా అని దానిని కూడా కొట్టివేశాము. "మొత్తం మార్చాలి" అని ఎవరైనా అంటే "మెగ్గర్ పెట్టి సూపియ్యి అన్నా" అని అడగండి. కొలవకుండానే చెప్పే ధర ఇల్లు చూసి చెప్పే ధర.

బోర్డుల వరుస తొందరగానే తేలింది. మాడిన సాకెట్ ఒకటి, వదులైన స్విచ్‌లు రెండు. మిగతావి బాగానే ఉన్నాయి. అందం కోసం మార్చుకుంటే మార్చుకోవచ్చు, అది భద్రత కాదు. ఆదా పెట్టె అసలే వద్దు. దాని లోపల ఉండేది సాధారణంగా ఒక కెపాసిటర్. పెద్ద మోటార్లున్న ఫ్యాక్టరీలకు పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి కెపాసిటర్లు నిజంగానే వాడతారు. మన ఇంటి బిల్లు వచ్చేది వాడిన యూనిట్ల మీద, ఆ పెట్టె యూనిట్లను తగ్గించదు. పైగా గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు సున్నా బిల్లు వస్తున్నది. మాకూ సున్నాయే. సున్నాలో ఏమి ఆదా చేయాలి?

సున్నా బిల్లుతో ఒక చిన్న నష్టం ఉంది. మీటరు వైపు ఎవరూ చూడరు. ఇంట్లో అన్నీ ఆపేసి, పిన్నులు కూడా పీకి, మెయిన్ మాత్రం వేసి ఉంచి మీటరు ముందు పది నిమిషాలు నిలబడండి. పల్స్ లైటు అప్పుడప్పుడు మినుకుమంటూనే ఉంటే కరెంటు ఎక్కడో దారి తప్పి పోతున్నదన్నమాట. పదో వంతు ఆంపియర్ కారినా నెలకు 16 యూనిట్లకు పైనే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. నాయిన వద్దన్న రెండు వరుసలు: డబ్బా, గుంత. ఈ రెంటికీ కంటికి కనిపించే ఫలితం లేదు. అందుకే అందరూ వీటినే కొట్టేస్తారు.

ఇంట్లో ఫ్యూజు ఉంది కదా, షాకు కొడితే ఫ్యూజు పోతుంది కదా అని మేమూ ఇంటర్ దాకా అనుకున్నాము. లెక్క వేసి చూడండి. తడి చేతులతో ఉన్న మనిషి శరీరం నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుందాము. 230 వోల్టులకు అతని గుండా పోయేది 0.23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది ఒక బల్బు వెలిగించినట్టే, కదలదు. కానీ మనిషికి ఒక మిల్లీ ఆంపియర్ దగ్గరే జిల్లుమంటుంది, పది దాటితే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టం, ముప్పై దాటితే ప్రాణాపాయం. ఫ్యూజు, ఎం.సి.బి. ఉన్నది వైరును కాపాడడానికి. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. ఫేజు వైరులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వచ్చిందా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ వచ్చిందంటే కన్ను మూసి తెరిచేలోగా లైను తెగ్గొడుతుంది. ఇళ్ళకు ఈ హద్దు 30 మిల్లీ ఆంపియర్లు మించరాదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనే ఉంది.

మరి ఎర్తింగ్ ఎందుకు? ఎర్తు లేకపోతే కూలరు రేకుకు చేరిన కరెంటుకు పోవడానికి దారి లేదు. అమ్మ వచ్చి ముట్టుకొనేదాకా అది అక్కడే కాచుకొని ఉంటుంది. ఆర్.సి.సి.బి. ఉన్నా అమ్మ ముట్టుకున్నాకే తెగుతుంది. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఆర్.సి.సి.బి. ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది. రెండూ కలిసి ఉంటేనే పని.

మా ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్లు అన్ని చోట్లా ఉన్నాయి. పైన ఉండే లావు రంధ్రం ఎర్తుది. పెద్దాయన టెస్ట్ బల్బు ఒక తీగను ఫేజులో, ఇంకొకటి ఆ రంధ్రంలో పెడితే బల్బు వెలగలేదు. బోర్డు విప్పితే ఆ మరకు వెనుక వైరే లేదు. పదిహేడేళ్ళుగా ఖాళీ. (బల్బు వెలిగినంత మాత్రాన ఎర్తు బాగుందని కూడా అనుకోవద్దు, బలహీనమైన ఎర్తుకు కూడా వెలుగుతుంది. ఎర్తు నిరోధాన్ని వేరే పరికరంతో కొలవాలి.) ఈ పరీక్షలు మీరు సొంతంగా బోర్డులు విప్పి చేయవద్దు. మన జిల్లాలోనే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో 9 మంది చనిపోయారు. వాళ్ళలో కరెంటు పనిలోనే ఆరితేరిన ఇంజనీర్లు ఉన్నారు.

పెద్దాయన వెళ్ళిపోతూ వెనుక పెరట్లో ఆగాడు. బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగ. దాని ఒక కొస సర్వీసు వైరు దిగే పైపుకే కట్టి ఉంది. "ముందు దీన్ని తీసెయ్యుండ్రి" అన్నాడు. సర్వీసు వైరు తొడుగు ఆ పైపు దగ్గర రాపిడికి చీలితే తడి బట్టలు వేసే మనిషి గతి ఏమిటో చెప్పనక్కరలేదు. నలభై రూపాయల నైలాన్ తాడుతో పోయింది. మొదటి చీటీలో ఈ వరుస లేదు. ఇందులో ఎవరికీ కూలి మిగలదు కదా. సర్వీసు వైరు చీలినా, కిందికి వేలాడినా 1912కు ఫోన్ చేయాలి. ఆ పని లైన్‌మెన్‌ది.

చివరికి మళ్ళీ మొదటి ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్ళాము. ఆయన రాసిన అయిదింటిలో రెండు నూటికి నూరుపాళ్ళు నిజం, ఆ రెండే మా అమ్మ ప్రాణానికి సంబంధించినవి. ఆదా పెట్టెను చూసిన కోపంలో వాటిని కూడా తోసివేయబోయాము. "అన్నా, ఆ రోజు తప్పుగ మాట్లాడినం" అన్నాము. ఆయన నవ్వి, "పెట్టె దుకాణపాయన అంటగట్టిండు తమ్మీ, నేనూ అమ్ముకోవాలె గద" అన్నాడు. డబ్బా, గుంత, హీటరుకు వేరే లైను, అన్ని సాకెట్లకు ఎర్తు వైరు. మొత్తం 13,000 అయింది. గుంత తవ్వితే అయిదు అడుగుల్లో రాయి తగిలింది. మన దగ్గర చెల్క కింద అంతా రాయే. ఎండిన నేలలో ఎర్తు సరిగా పనిచేయదు కూడా. అందుకని గుంతను జాలాడి నీళ్ళు పోయే పక్కకు మార్చాము, అక్కడ ఎండాకాలంలో కూడా తడి ఉంటుంది. కూలరు పెట్టగానే ఆర్.సి.సి.బి. పడిపోయింది. విప్పితే నీళ్ళ పంపు మోటారు తొడుగు పగిలి ఉంది. మూడు వందల పంపు.

జూలైలో మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి ఇల్లంతా చీకటి. ఆర్.సి.సి.బి. ఎత్తితే పడుతుంది, ఎత్తితే పడుతుంది. నాయిన ఫోన్ చేసి, "దీన్ని తీపిచ్చి డైరెక్టు పెట్టిస్త" అన్నాడు. వద్దని బతిమాలి, బాత్రూము ఎం.సి.బి. ఒక్కటి దించి చూడమన్నాము. దించగానే నిలబడింది. తెల్లారి అదే మెగ్గర్ తెప్పించి పెడితే, మేలో 3 చూపించిన ఆ లైను సున్నా దగ్గరకు పడిపోయింది. రేకు కింద బల్బు హోల్డరు వెనుక ఒక అతుకు, దాని మీద టేపు ఎప్పుడో ఊడి నీళ్ళు కారుతున్నాయి. మేము కొలిచింది మండుటెండలో. గదులు 20 చూపిస్తుంటే ఆ ఒక్క లైను 3 ఎందుకు చూపిస్తున్నదని అడగలేదు. 22,000 వరుసలో ఆ పది మీటర్ల వైరు నిజంగానే మార్చవలసినది. మార్చి, బాత్రూముకు తడి తగలని మూత ఉన్న హోల్డరు పెట్టించాము. మొత్తం 900 రూపాయలు.