ఒకే టాపిక్, నాలుగు అసైన్‌మెంట్లు: కాలేజీ ఇంగ్లిష్ రైటింగ్

బీటెక్ ఫస్టియర్‌లో ఇంగ్లిష్ అంటే మనవాళ్లకి అసలు చదవాలా వద్దా అని డౌట్ వచ్చే సబ్జెక్ట్. ఒక వారం ప్రెసీ అంటారు, తర్వాత ఎస్సే, ఆ తర్వాత కంప్లయింట్ లెటర్, చివర్లో రిపోర్ట్. మనం ఏం చేస్తామంటే, ఏది అడిగినా తెలిసిందంతా పేజీ నిండేదాకా రాసేస్తాం. మార్కులు తగ్గితే "నాకు గ్రామర్ రాదురా" అని బాధపడతాం. ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. నన్నడిగితే గ్రామర్ తర్వాతి సంగతి. దీన్ని ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు? రాసేముందు అడగాల్సింది ఇది.

ఒకే టాపిక్‌తో చూద్దాం. హైదరాబాద్ వరదలు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న చోట, ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో నగరానికి ఎగువన నీళ్లు ఆపే రిజర్వాయర్లు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. సరే, మెటీరియల్ ఇంతే.

ఇదే విషయం మీద 300 పదాల ప్యాసేజ్ ఇచ్చి ప్రెసీ రాయమన్నారనుకోండి. మూడో వంతుకి, అంటే 100 పదాలకి తేవాలి. ప్యాసేజ్‌లో అక్కడో లైన్ ఇక్కడో లైన్ కత్తిరించి అతికిస్తే అది ప్రెసీ అవ్వదు. రెండుసార్లు చదివి, పుస్తకం మూసేసి, పక్క బెడ్ మీద ఉన్న రూమ్మేట్‌కి తెలుగులో చెప్పండి. "వరదొచ్చి చాలామంది పోయార్రా, అందుకని ఇంజినీర్‌ని పిలిపించి రెండు రిజర్వాయర్లు కట్టారు." నోటి నుంచి వచ్చిన ఆ వాక్యమే మీ ప్రెసీకి వెన్నెముక. గమనించారా, చింతచెట్టు మీ నోట్లోంచి రాలేదు. ప్రెసీలో అది అక్కర్లేదు. మీ అభిప్రాయం కూడా అక్కర్లేదు. టైటిల్ మాత్రం పెట్టండి, చాలామంది మర్చిపోయేది అదే.

ఎస్సేకి వచ్చేసరికి అదే చింతచెట్టు హీరో. దానితోనే మొదలుపెట్టొచ్చు. కానీ ఎస్సేకి ఒక వాదన కావాలి. "హైదరాబాద్ వరదలు" అనేది టాపిక్ మాత్రమే. "రిజర్వాయర్లు మూసీని అదుపు చేశాయి, కానీ ఇవాళ కాలనీలు మునుగుతున్నది చెరువుల్లో, నాలాల మీద మనం ఇళ్లు కట్టుకున్నందుకు" అంటే అది వాదన. అవతలివాడు కాదనగలిగేలా ఉండాలి. 2020 అక్టోబర్‌లో చెరువు కట్టలు తెగి కాలనీలు మునగడం దీనికి ఉదాహరణగా పనికొస్తుంది. వాదనకి పనికిరాని విషయం ఎంత గొప్పదైనా తీసేయండి. విశ్వేశ్వరయ్య గారికి భారతరత్న వచ్చిందని నాకూ తెలుసు, ఈ ఎస్సేలో దానికి పనిలేదు.

లెటర్ దగ్గర మనకి అసలు ఇబ్బంది. హాస్టల్ పక్క నాలా పొంగుతోందని మున్సిపల్ కమిషనర్‌కి రాయాలి. తెలుగులో మనం మర్యాదగా మాట్లాడేటప్పుడు క్షేమసమాచారాలు, నేపథ్యం అన్నీ అయ్యాక "ఒక చిన్న పని పడింది సార్" అంటాం. అదే వరసలో ఇంగ్లిష్ లెటర్ రాస్తే, ఆయన ఆ చివరి లైన్ దాకా రాకపోవచ్చు. ఆయన చేసేది ఆ కాగితాన్ని ఒక ఇంజినీర్‌కి పంపడం. ఆ ఇంజినీర్‌కి కావాల్సింది ఏ వీధి, ఎప్పటి నుంచి, ఏం చేయాలి. ఇవి మొదటి పేరాలోనే ఉండాలి. "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ముగించకండి. ఏది నీడ్‌ఫుల్? పూడిక తీయాలా, మూత వేయాలా? అది చెప్పండి. ఇంకోటి, "డియర్ సర్" అని మొదలుపెడితే చివర "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", పేరుతో మొదలుపెడితే "యువర్స్ సిన్సియర్లీ".

ఈ లెటర్ మీదే ఎందుకింత సేపు ఉన్నానంటే, ఉద్యోగంలో నేను ఎస్సే ఒక్కటి కూడా రాయలేదు. బగ్ టికెట్లు, క్లయింట్‌కి మెయిల్స్, ఇవే రోజూ. కోడ్ బాగా రాసే కుర్రాళ్లు మెయిల్‌లో అసలు సంగతి ఆరో లైన్‌లో పెడితే, వాళ్ల పని పక్కవాడి ఖాతాలో పడటం చూశాను. ఇది మార్కుల కంటే పెద్ద నష్టం.

రిపోర్ట్‌లో చూసింది వేరు, చేయమని చెప్పేది వేరు. 40 ఇళ్లు తిరిగితే పోయినేడు 26 ఇళ్లలోకి, ఈ ఏడు 31 ఇళ్లలోకి నీళ్లొచ్చాయనుకోండి. అది ఫైండింగ్స్‌లో రాయాలి. "నాలా వెడల్పు చేయాలి" అనేది రికమెండేషన్స్‌లోకి వెళ్తుంది. రెండూ కలిపితే చదివేవాళ్లకి ఏది నిజం, ఏది మీ మాట అని తెలీదు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది: "31కి పెరిగింది" అంటే "ఇంక్రీజ్డ్ టు 31", "5 పెరిగింది" అంటే "ఇంక్రీజ్డ్ బై 5". తెలుగులో ఆ "కి" ఎక్కడుందో చూసుకుంటే ఇది తప్పదు. అలాగే మన "గురించి"ని మోసుకెళ్లి "డిస్కస్ అబౌట్" అని రాయకండి, "డిస్కస్" చాలు.

చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చు కదా అంటారు. రాస్తుంది, నున్నగా రాస్తుంది. మీ హాస్టల్ పక్క నాలా ఎక్కడుందో మాత్రం దానికి తెలీదు, మిడ్ ఎగ్జామ్‌లో ఫోన్ మీ చేతిలో ఉండదు. నేనైతే ఇలా వాడమంటాను: ముందు మీరే రాయండి, తర్వాత దానికి ఇచ్చి "ఇందులో నేను ఏం అడుగుతున్నానో ఒక్క లైన్‌లో చెప్పు" అనండి. అది చెప్పింది మీరు అనుకున్నది ఒకటి కాకపోతే, మళ్లీ మొదటి పేరా దగ్గరికి వెళ్లండి.

గ్రాఫ్ ఇచ్చి వర్ణించమనే ప్రశ్న ఇంకా ఉంది, దానికి వేరే ఎపిసోడ్ కావాలి. వచ్చే వారం చేద్దాం.