లేని మంద్రాన్ని వినే చెవి

నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్ 1956లో హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడివడి బొంబాయి రాష్ట్రంలో కలిసింది గాని, దాదాపు 160 కిలోమీటర్ల అవతల హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద పంపే మీడియం వేవ్ తరంగాలకు ఆ సరిహద్దుతో నిమిత్తం లేదు. అయితే మీడియం వేవ్‌లో పక్కపక్క కేంద్రాల నడుమ ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే కనుక సంగీతపు పైకొస కత్తిరించుకుపోతుంది. అరచేతి ట్రాన్సిస్టర్‌లోని చిన్న స్పీకరు 200 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు మూగదై, అడుగుకొస కూడా పోతుంది. కొలతల లెక్కన మిగిలేది ముక్కాచెక్కా సంగీతమే. అయినా ఘంటసాల గొంతు అందులో ఘంటసాల గొంతుగానే ఎందుకుంటుంది, ఒక స్థాయి పైకి జరిగి ఆడగొంతు కాదేమి?

ఒకటి శ్రుతిలో మధ్యస్థాయి షడ్జం పట్టిన పురుషుడి స్వరతంతువులు సెకనుకు సుమారు 130 సార్లు కంపిస్తాయి. ఆ మూలస్వరంతో పాటు దాని రెట్టింపులో, మూడింతల్లో, నాలుగింతల్లో, అయిదింతల్లో 260, 390, 520, 650 హెర్ట్జ్ అనుస్వరాలు కూడా పుడతాయి. సంగీత పరిభాషలో ఇవి వరుసగా పై షడ్జం, దాని మీది పంచమం, మరో షడ్జం, అంతర గాంధారం. చిన్న స్పీకరు 130ని మింగేసినా, మిగిలిన వాటి నడుమ ఎడం 130గానే ఉంటుంది, అవి కలిసిన తరంగం సెకనుకు 130 సార్లే పునరావృతమవుతుంది. శ్రవణవ్యవస్థ ఆ ఆవృత్తిని పట్టుకొని, గాలిలో లేని షడ్జాన్ని విన్నట్టు నిర్ణయిస్తుంది.

ఈ సంగతి ఒప్పుకోవడానికి భౌతికశాస్త్రానికి శతాబ్దం పట్టింది. 1841లో జర్మనీకి చెందిన ఆగస్ట్ జేబెక్, రంధ్రాల చక్రం మీద గాలి ఊది మోగించే సైరన్‌లో రంధ్రాల ఎడాలను మార్చి, మూలస్వరం దాదాపు లేకుండా చేసినా ఆ శ్రుతే గట్టిగా వినిపిస్తున్నదని చూపాడు. విద్యుత్ నియమంతో పేరు నిలిచిన ఓమ్ 1843లో రంగంలోకి దిగి, ఏ శ్రుతి వినబడాలన్నా ఆ పౌనఃపున్యం గల శుద్ధ కంపనం ధ్వనిలో ఉండి తీరాలని సిద్ధాంతీకరించి, జేబెక్ విన్నది చెవి భ్రమ అని కొట్టిపారేశాడు. జేబెక్ 1849లోనే మరణించాడు కనుక, 1863లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ శ్రవణంపై తన మహాగ్రంథంతో ఓమ్ పక్షం వహించినప్పుడు బదులు చెప్పేవారు లేకపోయారు. పెద్దపేరు తప్పును ఎంతకాలం కాపాడగలదో చూడండి: 1924లో బెల్ సంస్థ శాస్త్రజ్ఞుడు ఫ్లెచర్ కూడా, లోపించిన మూలస్వరాన్ని చెవి తన వక్రీకరణ వల్ల లోపలే నిజంగా పుట్టిస్తున్నదని భావించాడు. 1938 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో షౌటెన్ మూలస్వరాన్ని పూర్తిగా రద్దుచేసినా శ్రుతి చెక్కుచెదరలేదు; 1954లో లిక్‌లైడర్ అనే పరిశోధకుడు, ఆ చోటును మంద్రపు రొదతో నింపినా శ్రుతి మరుగు కాలేదని చూపాడు. లోపల నిజంగా మూలస్వరం పుట్టి ఉంటే రొద దాన్ని కప్పేసేదే. జేబెక్ చెవి భ్రమపడలేదన్నమాట.

వాల్వు రేడియో మాధుర్యానికి కూడా కొంత వివరణ ఈ అనుస్వరాల్లోనే ఉంది. ఒక్క వాల్వుతో నడిచే చివరి అంచె కొన్ని శాతం వక్రీకరణను కలిపినా అందులో అధికభాగం రెండో అనుస్వరం, అనగా గొంతులో ఎలాగూ ఉన్న పై షడ్జమే. ఏడో అనుస్వరం మన పన్నెండు స్వరస్థానాల్లో దేనిమీదా సరిగా కూర్చోక, కొంచెమైనా గరగరమంటుంది. అన్నిటినీ ఒకే శాతంగా కూడి కాగితం మీద వేసే మొత్తం వక్రీకరణ అంకె ఈ తేడాను చూడదు; పై అనుస్వరాలకు ఎక్కువ తూకం ఇవ్వాలని బీబీసీ ఇంజనీరు షార్టర్ 1950లోనే సూచించినా, ప్రకటనల్లో నేటికీ ఆ గుడ్డి అంకే అచ్చవుతున్నది.

లేని మంద్రాన్ని చెవి పూరించేది శ్రుతి వరకే. మృదంగపు ఎడమవైపు దెబ్బ గుండెకు తగిలే బరువును ఏ అనుస్వరమూ తెచ్చిపెట్టదు గనుక, దానికి పెద్ద స్పీకరు కావలసిందే. శ్రుతి మేరకైతే, సెల్‌ఫోన్ తయారీదారులు చెవి పూరించుకునే ఈ సూత్రంతోనే, మంద్రాన్ని తీసేసి దాని అనుస్వరాలను అదనంగా చేర్చి చిన్న స్పీకరును పెద్దదిగా నమ్మించగలుగుతున్నారు. దుకాణాల్లో మాత్రం దీనికి తలకిందులుగా, మంద్రాన్ని గొంతు మునిగేదాకా పెంచి అదే నాణ్యత అని అమ్ముతున్నారు.