పాత టర్బో ఇంజనుకు కావాల్సింది గాలి!

తొలకరి వాన పడింది. పదును ఆరేలోగా దుక్కి ముగించాలి. అప్పుడే ట్రాక్టరు మొరాయిస్తుంది. నిరుడు మూడో గేరులో లాగిన గొర్రును ఈ ఏడు రెండో గేరులో కూడా లాగనంటుంది. సైలెన్సర్ నుంచి నల్లపొగ, ట్యాంకులో చూస్తే డీజిలు ఖాళీ. పాత టర్బో బండ్లున్న చాలామంది రైతులకు ఇది అనుభవమే.

పులివెందుల, లింగాల, సింహాద్రిపురం మండలాల చీనీ తోటలైనా, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో బుడ్డశనగైనా ఇప్పుడు సేద్యమంతా ట్రాక్టరు మీదే. కరవు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీ చెట్లను బతికించుకున్నదీ దానితోనే. సన్న, చిన్నకారు రైతులు కొత్త బండి కొనలేక అన్నదమ్ములో, పక్క పొలాల వాళ్లో కలిసి పాతది కొంటారు. లేదా గంటల లెక్కన బాడుగకు పిలుస్తారు. బండి బలం తగ్గితే సొంతదారుకు డీజిలు దండగ, బాడుగకు పిలిచిన రైతుకు గంటలు దండగ. కాబట్టి ఈ విషయాలు ఇద్దరూ తెలుసుకోవాలి.

టర్బో చేసే పని

లీటరు డీజిలు పూర్తిగా కాలాలంటే కనీసం 12 కిలోల గాలి కావాలి. కొలతలో చెప్పాలంటే 10 వేల లీటర్లకు పైమాటే. 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు నిండేంత గాలి అన్నమాట! మామూలు ఇంజను ఈ గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనులో బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న రెండో చక్రం గాలిని లోపలికి కుక్కుతుంది. గాలి ఎక్కువ వెళ్తుంది కనుక ఎక్కువ డీజిలు కాలి, అదే సైజు ఇంజను ఎక్కువ బలం ఇస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లో పేటెంటు పొందిన ఉపాయమిది.

ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలవు. వాటి ఇరుసును కాపాడేది పల్చని ఆయిల్ పొర మాత్రమే. గాలి తగ్గినా, ఆయిల్ చెడినా టర్బో దెబ్బతింటుంది.

పంపు స్క్రూ జోలికి వెళ్లొద్దు

బండి లాగడం లేదనగానే కొందరు మెకానిక్కులు పంపు సీలు తీసి స్క్రూ తిప్పి డీజిలు పెంచుతారు. నాలుగు రోజులు బాగా లాగినట్టే ఉంటుంది. నల్లపొగ వస్తే బండికి బలముందనుకోవడం మన పల్లెల్లో ఉన్న అపోహ. నల్లపొగ అంటే కాలకుండా బయటికి పోతున్న మీ డబ్బే. లోపల గాలి చాలనప్పుడు డీజిలు పెంచితే మంట వేడి పెరుగుతుంది. దానివల్ల టర్బో చక్రం, పిస్టన్, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి పోతుంది. టర్బో లేని ఇంజనుకు బయట కొన్న టర్బో తగిలించడం కూడా ఇలాంటిదే. ఆ పిస్టన్లు, ఆ ఆయిల్ ఏర్పాటు అంత ఒత్తిడికి చేసినవి కావు.

ముందు కొలవండి

మరమ్మతుకు ముందు ట్యాంకు నిండా డీజిలు పోయండి. ఒకే పొలంలో, ఒకే గొర్రుతో గంటసేపు దున్నండి. మళ్లీ నిండేదాకా ఎన్ని లీటర్లు పట్టిందో, ఎంత నేల దున్నారో రాసుకోండి. మరమ్మతు అయ్యాక ఇదే పరీక్ష చేయండి. గంటకు అర లీటరు తగ్గినా, ఏడాదికి 400 గంటలు నడిచే బండి మీద 200 లీటర్లు మిగులుతుంది. దాన్ని లీటరు ధరతో హెచ్చవేసి చూసుకోండి.

ఇంకో మాట. ఇంజను చప్పుడు పెరిగినా బండి కదలకపోతే తప్పు క్లచ్‌ది. అరిగిన టైర్లు జారుతున్నా, బ్రేకులు పట్టేసినా బలం తగ్గినట్టే అనిపిస్తుంది. ఇవి చూసుకున్నాకే ఇంజను విప్పించండి.

ఖర్చు లేని పని: ఎయిర్ క్లీనర్

ఎండిన చేలో లేచే దుమ్మంతా ముందుగా పట్టేది ఎయిర్ క్లీనర్‌లోనే. అది పూడుకుపోతే టర్బో ఎంత తిరిగినా కుక్కడానికి గాలి ఉండదు. పొడి ఫిల్టరు ఉన్న బండ్లలో దుమ్ము గిన్నెను దుక్కి రోజుల్లో రోజూ దులపండి. ఫిల్టరును టైరుకేసి కొట్టొద్దు, డీజిలుతో కడగొద్దు. పంక్చరు షాపులో గాలి పట్టిస్తే లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో పట్టించండి. తర్వాత లోపల బల్బు పెట్టి చూడండి. వెలుతురు సూటిగా బయటికొచ్చే చిల్లి కనిపిస్తే ఫిల్టరు మార్చాల్సిందే. ఆ చిల్లిగుండా పోయే దుమ్ము టర్బో చక్రాన్ని, పిస్టన్ రింగులను అరగదీస్తుంది. లోపల ఉండే చిన్న ఫిల్టరును శుభ్రం చేసి వాడకూడదు, మార్చడమే.

ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలో ఆయిల్ గుర్తు దాకానే పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చుకుని అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదముంది.

గొట్టాలు, క్లిప్పులు

టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టాలు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగులుతాయి. బరువు మీద నడుస్తున్నప్పుడు బుస్సుమనే శబ్దం వస్తున్నా, అతుకు దగ్గర ఆయిల్ జిడ్డుతో దుమ్ము పేరుకుని ఉన్నా అక్కడ గాలి కారుతోందని అర్థం. క్లిప్పు బిగించడంతో పోయేదానికి టర్బో మార్చిన వాళ్లున్నారు.

టర్బోను కూడా పరీక్షించవచ్చు. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక గాలి గొట్టం విప్పి చక్రాన్ని వేలితో తిప్పండి. సులువుగా తిరగాలి. పక్కలకు కొద్దిగా కదలడం సహజమే, అయితే రెక్కలు గోడకు తగలకూడదు. ముందుకూ వెనక్కూ కదలిక తెలిసేలా ఉంటే మెకానిక్కుకు చూపించండి. ఇంజను నడుస్తుండగా గొట్టం విప్పడం, చెయ్యి పెట్టడం ఎప్పుడూ చేయొద్దు. వేళ్లు పోతాయి.

డీజిలు, నాజిళ్లు

2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా తక్కువ గంధకం ఉన్న డీజిలే అమ్ముతున్నారు. బంకులో ఎంత మంచిది పోయించుకున్నా, క్యానులో తెచ్చి పొలం గట్టున పోసేటప్పుడు నీళ్లు, దుమ్ము కలుస్తాయి. క్యాను ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగు వదిలి పైది వడగట్టి పోయండి. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపితే రాత్రి చలికి లోపల తేమ చేరదు. పొద్దున స్టార్ట్ చేసే ముందు ఫిల్టరు గిన్నెలో చేరిన నీళ్లు వదిలేయండి.

నాజిలు డీజిలును మంచులా చిమ్మాలి. బొట్లు బొట్లుగా కారితే పొగ ఎక్కువ, బలం తక్కువ. పట్టణంలోని పంపు కాలిబ్రేషన్ షాపులో మిషను మీద పెట్టి ఒత్తిడి సరిచేయించండి. చిమ్మే డీజిలు ముందు చెయ్యి పెట్టొద్దు, చర్మంలోకి దిగుతుంది. టాపెట్ల సందు, పంపు టైమింగు కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతకే సరిచేయించాలి.

పొగను బట్టి రోగం

నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువైంది. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది. రింగులో, టర్బో సీలో, వాల్వు గైడో అరిగి ఉండొచ్చు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిలు కాలడం లేదు, లేదా రేడియేటర్ నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఎండాకాలంలో రేడియేటర్ జాలిలో పొట్టు, దుమ్ము ఇరుక్కోకుండా చూడటం మరవొద్దు.

ఆపే ముందు ఆగండి

టర్బో బండిని గట్టుకు తెచ్చి ఉన్నఫళంగా ఆపేయడం పెద్ద పొరపాటు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ రావడం ఆగిపోతుంది. వేడికి లోపలి ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. అందుకే ఆపే ముందు రెండు మూడు నిమిషాలు చిన్న స్పీడులో నడవనివ్వండి. స్టార్ట్ చేయగానే రేజ్ ఇవ్వకుండా అంతేసేపు ఆగండి. టర్బోకు తగిన గ్రేడు ఆయిల్‌నే వాడి, పుస్తకంలో చెప్పిన గంటలకు ఫిల్టరుతో సహా మార్చండి. పైసా ఖర్చు లేని ఈ అలవాటు టర్బో ఆయుష్షును పెంచుతుంది. బండి బాడుగకు తోలే డ్రైవరుకు దీన్ని ముందే చెప్పి ఉంచాలి.

మొదట ఎయిర్ క్లీనర్, తర్వాత గొట్టాలు, ఆ తర్వాత డీజిలు ఫిల్టర్లు, నాజిళ్లు, టాపెట్లు. ఇవన్నీ సరిగా ఉన్నా బలం రాకపోతే, ఇంజను బ్రీదర్ గొట్టం నుంచి పొగ గుప్పున వస్తుంటే అప్పుడే బోరు పని గురించి ఆలోచించాలి. ముందుగానే ఇంజను విప్పితే అనవసర ఖర్చు తప్పదు.

ఇదంతా చేత్తో చేసి నేర్చుకోవాలనుకునే వారికి పొరుగునే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. 1983లో ఏర్పడిన ఈ సంస్థలో వ్యవసాయ యంత్రాలను పరీక్షించడంతో పాటు రైతులకు నడపడంలోనూ, నిర్వహణలోనూ శిక్షణ ఇస్తారు. బండి ఉమ్మడిదైతే కనీసం ఒకరైనా వెళ్లి నేర్చుకు రావడం మంచిది. ఎడ్లకు మేత ఎంత, నీళ్లు ఎంత అని చూసుకున్నట్టే ఇంజనుకూ చూసుకుంటే, పాత బండి మరికొన్నేళ్లు మీ సేద్యం నిలబెడుతుంది.